దోన్యా తెంచా ఎవరితో మాట్లాడుతోంది

ఆ గురువారం ఉదయం పదింటికి యులాలియా త్రెవీన్యో ఒకవైపు నుంచే కనిపించే అద్దానికి ఇటువైపు మసకచీకట్లో నిలబడి, అటువైపు వెలుతురులో ఉన్న ఖాళీ కుర్చీని చూస్తోంది. నాలుగేళ్ళ పిల్లలకు సరిపోయే కుర్చీ అది. ఇంకొక్క బిడ్డ వచ్చి అందులో పన్నెండు నిమిషాలు కూర్చుని వెళితే చాలు. పదకొండేళ్ళుగా ఆమె కుడిచేతికి తొడుక్కుని ఆడిస్తున్న కోడిపెట్ట ఇకముందు ఏ భాషలో మాట్లాడాలో తేలిపోతుంది.

కోడిపెట్ట పేరు దోన్యా తెంచా, అంటే తెంచమ్మగారు. ముక్కు మీద కళ్ళజోడు, భుజాల చుట్టూ గళ్ళ శాలువా. శాన్ ఆంటోనియో పడమటి పేటలో, పాత ఐసు ఫ్యాక్టరీని బాగుచేసి పెట్టిన కోలిబ్రీ చానల్‌లో రోజూ ఉదయం, సాయంత్రం కనిపిస్తుంది. అమ్మమ్మలు స్పానిష్‌లో పలకరిస్తే ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లల కోసం పెట్టిన చానల్ అది. అందులో తక్కిన బొమ్మలన్నీ రెండు భాషలూ కలిపి మాట్లాడతాయి. తెంచా ఒక్కతే స్పానిష్ తప్ప మరో ముక్క పలకదు. పిల్లలు ఏ భాషలో జవాబిచ్చినా ఆమెకు అర్థమవుతుంది. తాను మాత్రం తన భాష వదలదు. ఆ నియమం పెట్టింది యులాలియాయే.

కిందటి శీతాకాలం చానల్ చేతులు మారింది. కార్యక్రమాల అధిపతిగా మయామీ నుంచి ఎర్నాన్ సాంతియాన్ వచ్చాడు. మర్యాదస్తుడు, ఎన్నడూ గొంతు పెంచడు. అందుకే అతనితో వాదించడం కష్టం.

"దోన్యా లాలా, మీరంటే నాకు గౌరవం. కానీ తెంచా తెర మీదికి రాగానే పిల్లలు మొహం తిప్పేసుకుంటున్నారు. తెంచా చేత ఇంగ్లీషు కూడా మాట్లాడిద్దాం," అన్నాడు మొదటి సమావేశంలోనే, యులాలియాను అందరూ పిలిచే ముద్దుపేరుతో పిలిచి.

"తిప్పుకుంటున్నారని ఎవరు చెప్పారు?"

"పరీక్ష పెట్టి చూద్దాం. నూటికి డెబ్బై చూపులు నిలిస్తే నేనిక ఆ ఊసెత్తను. తగ్గితే మాత్రం సెప్టెంబరు నుంచి తెంచాకు ఇంగ్లీషు వస్తుంది. సరేనా?"

యులాలియా సరేనంది. సరేననకపోయినా జరిగేది అదే. బలవంతుడు షరతు పెట్టి, బలహీనుడు తలూపితే దాన్ని లోకం ఒప్పందమంటుంది.

పరీక్ష కొత్తదేమీ కాదు. ప్రతి ఏడూ చేసేదే. బిడ్డ ఎదుట ఒక తెర మీద కార్యక్రమం నడుస్తుంది. పక్కన రెండో తెర మీద ఏడు సెకన్లకొక బొమ్మ మారుతుంది: బస్సు, పుచ్చకాయ ముక్క, నిద్రపోతున్న కుక్క. మారినప్పుడల్లా టిక్కుమని చిన్న చప్పుడు. మూలన కూర్చున్న చానల్ పరిశోధకురాలు నేలిదా ఒరోస్కో ఆ క్షణంలో బిడ్డ కళ్ళు ఎటున్నాయో చూసి, కార్యక్రమం మీద ఉంటే కాగితం మీద గీత పెడుతుంది, లేకపోతే సున్నా చుడుతుంది. బిడ్డకు నచ్చిందా, మనసులో ఏముంది అన్నవి ఆ కాగితానికి అక్కర్లేదు. కళ్ళు ఎటున్నాయి, అంతే.

పదకొండు మంది అయ్యారు. పొద్దున స్టూడియోలోకి అడుగుపెడుతూనే చూయ్ ఆమె చెవిలో ఊదాడు. స్టూడియో దీపాలు చూసుకునే చూయ్ ఆమె కూతురు డెనీస్‌కు జ్ఞానస్నానపు తండ్రి. ఆ చుట్టరికంతో ముప్పై ఆరేళ్ళుగా ఆమెను కొమాద్రే అని పిలుస్తాడు.

"డెబ్బై ఒకటి, కొమాద్రే. తెంచా ఈక మందాన గట్టెక్కింది. ఆ పన్నెండో పిల్ల రాకుండా ఉంటే ఇంకా బాగుణ్ణు."

"నోరు కడుక్కో. బిడ్డలకు రోగాలు రావాలని కోరుకుంటావా?"

"రోగం రావాలనలేదు. కారు టైరు పంక్చరైతే చాలన్నాను."

నిజంగానే ఆ పన్నెండో పిల్ల జ్వరంతో రాలేదు. ఆ సంగతి యులాలియాకు తెలియదు. తెలిసింది రిసెప్షన్‌లో కూర్చునే ఐరీన్‌కు ఒక్కతెకే.

సున్నాలంటే యులాలియాకు చిన్నప్పటి నుంచీ పడదు. పంతొమ్మిది వందల యాభై నాలుగులో, ఒకటో తరగతిలో, పక్కపిల్లను రబ్బరు ఇమ్మని స్పానిష్‌లో అడిగినందుకు టీచరు ఆమెను నల్లబల్ల దగ్గరికి పిలిచింది. సుద్దతో చిన్న సున్నా గీసి, అందులో ముక్కు ఆనించి నిలబడమంది. కావాలనే ఆమె ఎత్తుకంటే రెండు అంగుళాల పైన గీసింది. మునివేళ్ళ మీద లేస్తే తప్ప ముక్కు అందదు. ఆ ఏడాది తొమ్మిదిసార్లు అలా నిలబడింది. ఇంటికి వెళ్ళాక తల్లికి చెప్పలేదు. పెకాన్ గింజలు ఒలిచే షెడ్డులో వేళ్ళు నల్లబడేలా పనిచేసి వచ్చే తల్లికి, బడికి వెళ్ళి నిలదీసేంత ఇంగ్లీషు రాదు. ఆ బడిని న్యాయస్థానానికి ఈడ్చవచ్చునని పేటలో ఎవరికీ తోచలేదు. తోచనివ్వకపోవడమే అలాంటి శిక్షల అసలు ఉద్దేశం.

డెనీస్ పుట్టిన రోజున, ఆసుపత్రి మంచం మీదే, యులాలియా ఒక నిర్ణయం చేసుకుంది. నా కూతురి ముక్కుకు సుద్ద అంటదు. అన్నట్టే ఊయలలో ఉన్నప్పటి నుంచీ బిడ్డతో ఇంగ్లీషే మాట్లాడింది. లాలిపాట కూడా ఇంగ్లీషులోనే పాడింది, పక్కింటి రేడియోలో విని నేర్చుకుని. మాట నిలబెట్టుకుంది. డెనీస్ ఏ బల్ల ముందూ నిలబడలేదు. చదువుకుంది, బ్యాంకులో చేరింది. ఆమె కూతురు కేలీకి ఇప్పుడు నాలుగేళ్ళు. ముగ్గురూ కలిసినప్పుడు మాట్లాడుకునేది ఇంగ్లీషే.

ఇక స్పానిష్ ఎక్కడికి పోయింది? ఇరవై రెండేళ్ళు ఆమె ఒక బడి వంటశాలలో పనిచేసింది. కూరలు ముట్టని పిల్లల ముందు, వేడి గిన్నెలు దించే చేతితొడుగుకు రెండు గుండీలు కుట్టి, కోడిపెట్టలా ఆడిస్తూ వాళ్ళను స్పానిష్‌లో బతిమాలేది, దెప్పేది. చిక్కుడు గింజలంటే పారిపోయేవాడు కూడా కోడి తిడుతుంటే తినేవాడు. అప్పుడు చదువుకుంటున్న నేలిదా ఏదో పరిశోధన కోసం ఆ బడికి వచ్చి, ఆ తొడుగును చూసి, చానల్ తెరిచినప్పుడు ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ఏళ్ళ తరబడి అణచిపెట్టిన భాష అలా చేతికి తిరిగొచ్చింది. నోటికి కాదు, చేతికే. తొడుగు తీసేస్తే మళ్ళీ ఇంగ్లీషే.

బొమ్మలాటవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. బొమ్మ కింద ఉన్న మనిషి పిల్లల కంటపడకూడదు. వసారాలో ఒక బిడ్డ కనిపించినా తెంచాను దిండుగలీబులో దూర్చేసేవారు. కాబట్టి తెంచా ఎవరో కేలీకి కూడా తెలియదు. డెనీస్ ఇంట్లో ఆ చానలే పెట్టదు. "దానికి అర్థం కాదు కదా మామ్," అంటుంది. అందులో తప్పుపట్టడానికి యులాలియాకు మాట దొరికేది కాదు.

అద్దం అవతల తలుపు తెరుచుకుంది. ఐరీన్ ఒక బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గులాబీరంగు రబ్బరు బూట్లు, ఒకవైపు జారిన జుట్టుపిన్ను. యులాలియా అద్దానికి ముఖం ఆనించి చూసింది. ఆ పిన్ను నిన్న సాయంత్రం ఆమే పెట్టింది.

ఏం జరిగిందో తరువాత తేలింది. బిడ్డను చూసుకునే ఆవిడకు ఒంట్లో బాగాలేక, మధ్యాహ్నం వరకూ తన తల్లి దగ్గర ఉంచుదామని డెనీస్ కేలీని తెచ్చింది. జ్వరంతో రాని పిల్ల బదులు ఎవరు దొరుకుతారా అని చూస్తున్న ఐరీన్, ఎవరి కోసం వచ్చిందో ఆమె చెప్పేలోపే, ముందు కాగితాలు పెట్టింది. లోపలికి వచ్చేవాళ్ళు నింపే చీటీలనుకుని డెనీస్ మూడు చోట్ల సంతకం గీకి, 'ఇక్కడ పనిచేసేవారు మీకు బంధువులా' అన్న గడిని ఖాళీగా వదిలేసి, బ్యాంకుకు పరిగెత్తింది. బిడ్డ ఇంటిపేరు తండ్రిది, నోవాక్. ఇరవై ఏళ్ళు కౌంటీ కార్యాలయంలో నలిగి వచ్చిన ఐరీన్‌కు సంతకం పడిన కాగితం కంటే మించిన రుజువు అక్కర్లేదు.

చూయ్ యులాలియా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కొమాద్రే, అది మన..."

"తెలుసు."

"బంధువుల పిల్లలు పనికిరారు కదా. చెప్పాలి."

చెప్పాలి. తలుపు తీసి, నేలిదాను పిలిచి, ఒక్క మాట అంటే చాలు. కాని ఆ ఒక్క క్షణంలో ఆమె మనసులోకి వేరే ఆలోచన జొరబడింది. బిడ్డ నా గొంతు గుర్తుపడుతుంది. తెంచా నోరు విప్పగానే కళ్ళు ఆర్పకుండా చూస్తుంది. డెబ్బై ఒకటి డెబ్బై మూడవుతుంది. అప్పుడిక మయామీ మనిషి చేయగలిగిందేమీ ఉండదు.

వెనక తలుపు చప్పుడైంది. సాంతియాన్ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"మొదలైందా?"

"ఇప్పుడే," అంది యులాలియా.

ఆ ఒక్క మాటతో ఆమె మౌనం దాపరికంగా మారింది.

మొదటి రెండు నిమిషాలు తెర మీద నక్క, తాబేలు రెండు భాషల్లోనూ పోట్లాడుకున్నాయి. కేలీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నోరు తెరిచి చూసింది. టిక్. గీత. టిక్. గీత. పక్క తెర మీద కుక్కపిల్ల వచ్చినా తల తిప్పలేదు. చూయ్ ఊపిరి వదిలాడు.

తరువాత దోన్యా తెంచా గుమ్మంలోంచి తల బయటపెట్టి, తన కళ్ళజోడు ఎవరు దాచారో చెప్పమని స్పానిష్‌లో అడిగింది.

కేలీ తల దించుకుంది.

టిక్. సున్నా.

తెంచా నవ్వింది, అలిగింది, పొయ్యి కిందా మంచం కిందా వెతికింది. కేలీ కుర్చీలో మెల్లగా పక్కకు తిరిగింది. పక్క తెర వైపు కాదు. విసుగు పుట్టిన పిల్లలు బస్సునో పుచ్చకాయనో చూస్తారు. ఈ బిడ్డ ఏ బొమ్మా లేని గోడ వైపు తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టిక్. సున్నా. టిక్. సున్నా. నక్క మళ్ళీ రాగానే ఎవరో పిలిచినట్టు ఇటు తిరిగింది.

రెండోసారి తెంచా వచ్చినప్పుడూ అంతే. గోడ. మూడోసారి కూడా గోడే.

మునివేళ్ళ మీద లేచి నిలబడినట్టు యులాలియా పిక్కలు లాగుతున్నాయి. సాంతియాన్ చేతిలో చిన్న పెన్సిలు ఉంది. అతను కూడా లెక్క వేసుకుంటున్నాడు.

"అరవై ఎనిమిది దగ్గర ఆగేలా ఉంది," అన్నాడు, సంతోషం లేకుండానే. "క్షమించండి, దోన్యా లాలా."

"ఆ పాప నా మనవరాలు."

అతను ఆమె వైపు తిరిగాడు. అద్దంలోంచి వచ్చే వెలుతురు అతని ముఖం మీద సగమే పడుతోంది.

"ఏమన్నారు?"

"నా కూతురి కూతురు. బంధువుల పిల్లల కాగితం చెల్లదు."

"ఎప్పుడు గుర్తుపట్టారు?"

"లోపలికి వచ్చినప్పుడే."

"ఎనిమిది నిమిషాలైంది." అతని గొంతు పెరగలేదు. "ఒకటి అడుగుతాను. ఆ పాప తెంచాను కన్నార్పకుండా చూసి ఉంటే ఈ మాట నాకు చెప్పేవారా?"

చూయ్ అడ్డుపడబోయాడు. "సార్, ఆమెకు నోరు పెగల్లేదు. నేను కూడా..."

"నిన్ను కాదు అడిగింది."

యులాలియా అద్దం వైపు చూసింది. అబద్ధం చెప్పడం తేలికే. చెప్పేదాన్నని అంటే రుజువు చేయగలవాడు లేడు.

"చెప్పేదాన్ని కాదు," అంది.

అవతల టిక్కులు పడుతూనే ఉన్నాయి.

"అయితే ఆ కాగితం ఉంటుంది," అన్నాడు సాంతియాన్. "మీకు పనికొచ్చినప్పుడు దాచి, పనికిరానప్పుడు బయటపెట్టే నియమం నియమం కాదు."

ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. అందుకే అది ముల్లులా దిగింది.

కార్యక్రమం అయిపోయింది. తెరలు ఆరిపోయాయి. పరీక్ష చివర మూడు ప్రశ్నలు అడగడం నేలిదా అలవాటు. లెక్కలోకి రానివి, కాగితం అంచున రాసుకోవడానికి మాత్రమే. ఆమె వచ్చి కేలీ ఎదుట నేల మీద బాసింపట్టు వేసుకుంది. గోడకు బిగించిన స్పీకరులోంచి ఇద్దరి మాటలూ ఇటు వినిపిస్తున్నాయి.

"నక్క బాగుందా?"

"బాగుంది. దానికి బుద్ధి లేదు."

"మరి కోడిపెట్ట?"

కేలీ భుజాలెగరేసింది. "ఏమో. నేను వినలేదు."

"ఎందుకు వినలేదమ్మా? బాగాలేదా?"

"అది పెద్దవాళ్ళ మాట." బిడ్డ గొంతులో, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్న ఆశ్చర్యం. "అలా మాట్లాడుతుంటే వినకూడదు. వెళ్ళి ఆడుకోవాలి. ఇక్కడ తలుపు వేసుంది. అందుకని గోడ వైపు తిరిగా."

"అలాగని ఎవరు చెప్పారు?"

"గ్రాండ్‌మా ఫోనులో అలాగే మాట్లాడుతుంది. మామీ కూడా కొంచెం. డాడీ వెళ్ళిపోయినప్పుడు ఇద్దరూ వంటింట్లో అలాగే మాట్లాడుకున్నారు. నేను మంచిదాన్ని. వినలేదు."

యులాలియా గోడకు చెయ్యి ఆనించింది. కూతురికి ఆ భాష నేర్పలేదనుకుంది ఇన్నాళ్ళూ. నేర్పింది. భర్త ఉద్యోగం పోయినప్పుడు, లారెడోలో మేనల్లుణ్ణి సరిహద్దు అవతలికి తోసేసినప్పుడు, తల్లికి కాన్సరని తేలినప్పుడు, ప్రతిసారీ వంటింటి తలుపు దగ్గరికి వేసి స్పానిష్‌లో మాట్లాడింది. తలుపు దగ్గర నిలబడిన డెనీస్‌తో ఇంగ్లీషులో, వెళ్ళి ఆడుకో తల్లీ, అంది. డెనీస్‌కు వచ్చిన ముప్పై మాటలూ తలుపు సందులోంచి విన్నవే. ఆ ముప్పై మాటలతోనే ఆమె ఈ మధ్య తన బిడ్డ ముందు తలుపు వేసుకుంటోంది.

లోపల నేలిదా గబగబా పాత కాగితాలు తిరగేస్తోంది. స్పీకరులో ఆమె గొంతు వినిపించింది. "సార్, వింటున్నారా? ఇంకో నలుగురి కాగితాల మీద 'గోడ' అని అంచున రాసుకున్నాను. సిగ్గేమో అనుకున్నా. వీళ్ళు విసుక్కోలేదు. మర్యాదకు తల తిప్పుకున్నారు."

సాంతియాన్ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

యులాలియా బల్ల మీది దిండుగలీబు అందుకుంది.

"కొమాద్రే," అన్నాడు చూయ్, "బల్ల కింద కూర్చోవడానికి ఆ గదిలో బల్లే లేదు. ముఖం కనిపిస్తుంది."

"కనిపించనీ."

ఆమె లోపలికి వెళ్ళి, కేలీ ఎదుట చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. బిడ్డ ముఖం విచ్చుకుంది. "గ్రాండ్‌మా! నువ్వు కూడా పరీక్షకు వచ్చావా?"

"వచ్చాను తల్లీ. తప్పాను కూడా." గలీబులోంచి తెంచాను తీసింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఒక బిడ్డ చూస్తుండగా, తొందర లేకుండా, చేతికి తొడుక్కుంది. కేలీ కళ్ళు ఇంతింతయ్యాయి. ఒక్క ఇంగ్లీషు మాట తెంచా చేత అనిపిస్తే సరిపోయేది. అనిపించలేదు. తన నోటితోనే ఇంగ్లీషులో చెప్పింది: "నేను నీకో తప్పు నేర్పాను. ఇది పెద్దవాళ్ళ మాట కాదు. ఇందులో రహస్యమేమీ లేదు. ఇది నీ కోసం. నువ్వు వినొచ్చు."

"నిజంగా?"

"నిజంగా."

తెంచా మెడ చాచి, ఇంత అందమైన బూట్లు ఎక్కడివని స్పానిష్‌లో అడిగింది. మూలన నేలిదా, అలవాటు కొద్దీ, గోడ గడియారం చూసుకుంటూ ఏడేసి సెకన్లకు కాగితం వెనకవైపు గుర్తులు పెడుతూనే ఉంది.

కేలీ కోడిని కాసేపు చూసింది. తరువాత ముందుకు వంగి, దాని చెవి ఉండాల్సిన చోట, ఇంగ్లీషులో గుసగుసగా అడిగింది.

"అయితే చెప్పు. వంటింట్లో డాడీ గురించి ఏమన్నారు? డాడీ మళ్ళీ మా ఇంటికి వస్తాడా?"

అద్దం అవతల చూయ్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

యులాలియా చెయ్యి గాలిలో ఆగిపోయింది. వినొచ్చని చెప్పింది తానే. ఇప్పుడు ఈ భాషలో అబద్ధం చెబితే, తలుపు తెరిచి వెంటనే ముఖాన వేసినట్టే. తెంచా తల దించి, నెమ్మదిగా, స్పానిష్‌లో చెప్పింది. కేలీ అమ్మమ్మ ముఖంలోకి చూసింది.

"ఏమంది?"

న్యాయస్థానంలో దుబాసీలా, ఒక్క మాట పెంచకుండా, ఒక్క మాట తగ్గించకుండా, యులాలియా ఇంగ్లీషులో చెప్పింది. "ఇక మీ ఇంట్లో ఉండడానికి రాడంది. శనివారాలు నిన్ను చూడడానికి వస్తాడంది. ఇందులో నీ తప్పు ఏమీ లేదంది."

"మళ్ళీ చెప్పమను."

తెంచా మళ్ళీ చెప్పింది. ఈసారి కేలీ అమ్మమ్మను అడగలేదు. కోడి శాలువాను పిడికిట పట్టుకుని కూర్చుంది. ఏడ్చింది, కొద్దిగానే. నేలిదా పెన్ను ఎప్పుడో ఆగిపోయింది.

అరగంట తరువాత సాంతియాన్ నేలిదాను పిలిచాడు.

"నిబంధన ఏం చెబుతోంది?"

"బంధువుల పిల్ల కాగితం కొట్టేయాలి సార్. చూసినా, చూడకపోయినా. ఎవరు ఎప్పుడు చెప్పినా."

"మిగిలింది?"

"పదకొండు. డెబ్బై ఒకటి."

"కొట్టేయండి."

ఆ నిబంధన అరగంట క్రితం కూడా అదే మాట చెప్పింది. వినడానికి మనిషి కావలసి వచ్చింది. అయితే అతను ఇంకొకటి కూడా చేశాడు. తెలిసి ఎనిమిది నిమిషాలు దాచినందుకు యులాలియా పేరిట ఒక హెచ్చరిక లేఖ రాసి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె చదివి సంతకం పెట్టింది. అందులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

"ఒక్క ఏడాది ఇస్తున్నాను, దోన్యా లాలా," అన్నాడు. "తెంచా స్పానిష్‌లోనే మాట్లాడుతుంది. కానీ అది తమ కోసమేనని పిల్లలకు ముందు ఎవరో ఒకరు చెప్పాలి. ఈ రోజు చెప్పినట్టు. ముఖం కనిపించేలా."

"నా ముఖమా?"

"వేరే ఎవరిది?"

"పౌడరు డబ్బాలు రెండు తెప్పించండి సార్," అన్నాడు చూయ్. "ఒకటి సరిపోదు."

యులాలియా నవ్వలేదు. అప్పటికే కిటికీలోంచి డెనీస్ కారు కనిపిస్తోంది.

కేలీ వెనక సీట్లో ఎక్కీ ఎక్కకుండానే, కోడి ఏం చెప్పిందో తల్లికి చెప్పేసింది. డెనీస్ కారు దిగి తలుపు మూసింది. ఎండలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"అది నేను చెప్పాల్సిన మాట, మామ్. నేను. ఒక కోడిపెట్ట చేత చెప్పిస్తావా?"

"నువ్వు ఎప్పుడు చెప్పేదానివి?"

"నువ్వు నాకెప్పుడు చెప్పావు? నాన్న ఉద్యోగం పోయినప్పుడు చెప్పావా? మీ అమ్మ చచ్చిపోతోందని చెప్పావా? వెళ్ళి ఆడుకోమన్నావు. నాకు ముప్పై ఆరేళ్ళు. ఇంకా ఆడుకుంటూనే ఉన్నాను."

యులాలియా సుద్ద గురించి చెప్పాలనుకుంది. చెబితే సంజాయిషీ అవుతుంది. కారు వెళ్ళిపోయింది.

మూడు ఆదివారాలు డెనీస్ రాలేదు. ఫోను చేస్తే, పనుంది మామ్, అని పెట్టేసేది. ఆ మూడు వారాల్లో యులాలియా కెమెరా ముందు ముఖం పెట్టి కూర్చోవడం నేర్చుకుంది, తిట్టుకుంటూ. నాలుగో ఆదివారం ఉదయం, చర్చి గంట తరువాత, డెనీస్ బార్బకోవా మాంసం పొట్లం, వేడి టోర్టియా రొట్టెల మూట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కేలీ చేతిలో ఎర్ర సోడా సీసాలు. ఎవరూ జరిగింది ఎత్తలేదు. ఉల్లిపాయలు తరిగారు, కొత్తిమీర తరిగారు.

తింటుండగా వంటింటి గోడకున్న ఫోను మోగింది. లారెడో నుంచి చెల్లెలు. ఆమె భర్తకు రెండోసారి గుండెనొప్పి వచ్చిందట, ఆసుపత్రి నుంచి మాట్లాడుతోంది. యులాలియా గొంతు తగ్గింది. మాట స్పానిష్‌లోకి మారింది.

కేలీ చేతిలోని టోర్టియా పళ్ళెంలో పెట్టి, చప్పుడు కాకుండా కుర్చీ దిగింది. తలుపు దాకా నడిచి ఆగింది. వెనక్కి తిరిగి, ముందు ఫోను వైపు, తరువాత తల్లి వైపు చూసింది.

యులాలియా కూడా, రిసీవరును చెవికి నొక్కిపట్టి, కూతురి వైపే చూస్తోంది. చెల్లెలు అటు నుంచి లాలా, లాలా, ఉన్నావా అంటోంది.

డెనీస్ వేళ్ళు తుడుచుకుంది. కాలితో బిడ్డ కుర్చీని బల్ల కిందినుంచి బయటకు జరిపింది. తరువాత తనకున్న ఆ ముప్పై స్పానిష్ మాటల్లోంచి ఒకటి వెతికి తీసింది. తలుపు అవతలి నుంచి విన్నదే. పైకి ఎన్నడూ పలకనిది కావడంతో తడబడింది.

"కూర్చో," అంది.